తరిగే నాదానికి తోడు

పియానో మీద గమకం పలకదు. కర్ణాటక సంగీతం విని పెరిగిన చెవికి ఆ వాద్యం మీద ఉన్న మొదటి ఫిర్యాదు ఇదే, న్యాయమైనదే. వీణ మీద తీగను మెట్టుపైనే లాగి ఒక స్వరంలోంచి మరో స్వరాన్ని పిండవచ్చు. ఫిడేలు మీద వేలు జారుతుంది. గొంతు సంగతి చెప్పనే అక్కర్లేదు. పియానోలో మీట నొక్కితే లోపల ఉన్ని తొడిగిన కర్రసుత్తి తీగను ఒక్క దెబ్బ కొట్టి వెనక్కి పడిపోతుంది. ఆ తరవాత వాయించేవాడి చేతిలో ఏమీ లేదు. స్వరాన్ని ఊపలేడు, పెంచలేడు, పక్కకు జరపలేడు. వేసవి సాయంత్రం ముంగిట చల్లిన నీళ్లలాగా ఆ నాదం పడ్డ క్షణం నుంచే ఆరడం మొదలుపెడుతుంది. మీట వదిలితే వెంటనే ఆగుతుంది, వదలకపోతే కాస్త నెమ్మదిగా ఆగుతుంది. ఎలాగైనా ఆగుతుంది.

ఆ వాద్యానికి రసం పుట్టేది సరిగ్గా ఈ లోపంలోనే అని నా వాదన. నిలవలేని నాదం పక్కన, నిలవగలిగిన నాదాలను పది ఇరవైగా కూర్చోబెట్టి, రెండింటికీ మాటలు కలిపితే పుట్టేదే పియానో కన్చెర్టో. దీన్ని నాకు నేర్పినది ఒక వేసవి రాత్రి కచేరీ. 2015 మే నెలలో వియన్నాలోని షోన్‌బ్రున్ రాజప్రాసాదం తోటలో జరిగింది. వాద్యబృందం వియన్నా ఫిల్హార్మోనిక్. అతిథి కండక్టర్ జుబిన్ మెహతా. పియానో ముందు రుడాల్ఫ్ బుఖ్‌బిండర్. వాయించినది నార్వే స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్ రాసిన ఎ మైనర్ కన్చెర్టో. దాని రికార్డింగును సికింద్రాబాద్ ఎండాకాలపు రాత్రుల్లో, వీధి సద్దుమణిగాక, పదే పదే విన్నాను.

సికింద్రాబాద్ అన్నాను కాబట్టి ఆ ఊరి మాట ఒకటి చెప్పాలి. ఈ సంగీతం ఇక్కడి గాలికి మరీ పరాయిది కాదు. 1806లో సైనిక స్థావరంగా పేరు పెట్టుకున్న ఊరు. పటాలం ఉన్నచోట బ్యాండు ఉంటుంది, బ్యాండు ఉన్నచోట ఇత్తడి వాద్యాలు ఊదే మనుషులూ, వాళ్లను చూస్తూ గోడల మీద కూర్చున్న పిల్లలూ ఉంటారు. 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి, 1850 నాటి సెయింట్ మేరీస్ చర్చి, లాలాగూడ రైల్వే క్వార్టర్లలోని ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, నేటి మహాత్మాగాంధీ రోడ్డు మీద 1847లో అగ్నిగుడి కట్టుకున్న పార్సీలు, వీళ్లందరి మధ్య నాలుగు గొంతులు నాలుగు దారుల్లో నడిచి ఒకచోట కలిసే పాట ఈ ఊరికి అలవాటైంది. అంతకుముందే చెన్నపట్నంలో కంపెనీ బ్యాండు విని ముత్తుస్వామి దీక్షితులు ఆ వరసలకు సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టు స్వరాలు చేశారు. ఆ బ్యాండువాళ్ల ఫిడేలును మనం ఒళ్లోకి తీసుకుని, నేల మీద కూర్చోబెట్టి, గమకాలు నేర్పి, ద్వారం వెంకటస్వామి నాయుడి చేతికి ఇచ్చాం. పియానోకు ఆ భాగ్యం దక్కలేదు. కారణం మొదటే చెప్పుకున్నాం.

సినిమాలో మాత్రం దానికి చోటు దొరికింది. ‘పూజాఫలం’ (1964)లో జమున పియానో ముందు కూర్చుని పాడే పాటలో సాలూరి రాజేశ్వరరావు చేసిన పని గుర్తుచేసుకోండి. పాటకు గమకాలన్నీ గొంతు సమకూరుస్తుంది, పియానో విరామాల్లో ముత్యాలు దొర్లిస్తుంది. ఎవరికి చేతనైన పని వాళ్లకు. ఆ పాట విన్న తెలుగువాడికి కన్చెర్టో అర్థం కాదంటే నేను నమ్మను.

అయితే డెబ్బై ఎనభై మంది ఒక్కసారిగా ఊపిరి తీసే వాద్యబృందం ఎదురుగా కూర్చునే యోగం మనకు అరుదు. మన దేశంలో పూర్తికాలపు వృత్తి సింఫనీ ఆర్కెస్ట్రా 2006లో ముంబయిలో మొదలైంది. అందుకే మనలో చాలామంది రికార్డింగుల రసికులం. అందులో తక్కువతనమేమీ లేదు.

షోన్‌బ్రున్ వేసవి కచేరీకి టికెట్టు లేదు. ఎవరైనా రావచ్చు, వేలల్లో వస్తారు, గడ్డి మీద కూర్చుంటారు, నిలబడతారు, పిల్లలను భుజాల మీదికి ఎత్తుకుంటారు. శ్రీరామనవమి పందిట్లో అర్ధరాత్రి దాకా ఇసుక మీద కూర్చుని పాటకచేరీ విన్న జాతికి ఇందులో వింత కనిపించదు. మనకైనా వాళ్లకైనా ఆరుబయట సంగీతంతో ఒక చిక్కుంది. గోడలుండవు. సభామందిరంలో గోడా పైకప్పూ నాదాన్ని తిప్పి పంపి దాని ఆయుష్షు కాస్త పొడిగిస్తాయి. తోటలో ఆ సాయం లేదు. అసలే తొందరగా తరిగే పియానో నాదం మరింత తొందరగా తరుగుతుంది. మైకులు కొంత దాచిపెడతాయి గాని పూర్తిగా కాదు. అందువల్ల ఆరుబయట పియానోకు వాద్యబృందం ఆసరా రెట్టింపు కావాలి. ఈ కచేరీ నన్ను పట్టుకున్నది అక్కడే.

వియన్నా ఫిల్హార్మోనిక్‌కు 1933 నుంచి సొంత కండక్టర్ లేడు. వచ్చేవాళ్లంతా అతిథులే. వాద్యకారులే ఒక సంఘంగా ఉండి తమకు నచ్చినవాళ్లను పిలుచుకుంటారు. పైగా వీళ్లంతా వియన్నా ప్రభుత్వ ఒపేరాలో రోజూ వాయించేవాళ్లు. ఏళ్ల తరబడి వేదిక కింది గోతిలో కూర్చుని, పైన పాడేవాళ్లు ఎక్కడ ఊపిరి తీస్తారో, ఎక్కడ ఒక మాత్ర సాగదీస్తారో చెవులతోనే పట్టుకోవడం వాళ్ల బతుకు. మన పక్కవాద్యం వాళ్లకు ఉండే గుణం అది. గాయకుణ్ని వెంబడించడం అలవాటైనవాళ్లకు పియానోను వెంబడించడం కష్టం కాదు.

ఇక మెహతా. 1936లో బొంబాయి పార్సీ కుటుంబంలో పుట్టారు. తండ్రి మెహలీ మెహతా ఫిడేలు విద్వాంసుడు, బాంబే సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపకుడు. కొడుకు 1954లో వియన్నా వెళ్లి హన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర చదువుకున్నారు. షోన్‌బ్రున్ తోటలో నిలబడేనాటికి ఆయనకు 79 ఏళ్లు. అదే ఏడాది జనవరి ఒకటిన ఇదే బృందంతో కొత్త సంవత్సరం కచేరీ నడిపినవారు కూడా ఆయనే. అతిథి అనే మాట వాడుతున్నాం గాని, అరవై ఏళ్ల కిందట చదువుకోవడానికి వచ్చిన ఊళ్లో ఆయన ఎంత అతిథి?

గ్రీగ్ ఈ కన్చెర్టో రాసింది కూడా వేసవిలోనే. 1868లో, డెన్మార్క్‌లోని సోలెరోడ్ అనే పల్లెలో, పాతికేళ్ల వయసులో. లైప్‌జిగ్‌లో చదువుకునేటప్పుడు క్లారా షూమన్ తన భర్త రాసిన ఎ మైనర్ కన్చెర్టో వాయించగా విన్నాడు. ఆ శ్రుతి, ఆ ఛాయ మనసులో ఉండిపోయాయి. మరుసటి ఏడు ఏప్రిల్ 3న కోపెన్‌హాగెన్‌లో ఎడ్మండ్ నాయ్‌పెర్ట్ మొదటిసారి దీన్ని వాయించినప్పుడు రాసినవాడు సభలో లేడు.

మొదటి చప్పుడు టింపనీది. సన్నగా మొదలై ఒక్క ఆవృత్తంలో ఉరుమైపోయే దరువు, ఆధార షడ్జం మీద. వియన్నావాళ్లు టింపనీకి ఇప్పటికీ మేకతోలే వాడతారు. ప్లాస్టిక్ పొరకు లేని ఒక ముదురు గొంతు ఉంటుంది దానికి. మృదంగం దగ్గర కూర్చున్నవాళ్లకు ఆ తోలు గొంతు వేరే చెప్పాల్సిన పని లేదు. ఆ ఉరుము పగిలినచోట పియానో పైనుంచి కిందికి దూకుతుంది. షడ్జం, కాకలి నిషాదం, పంచమం. స ని ప. అంతే, ఆ మూడు స్వరాలే, మళ్లీ కింది స్థాయిలో, మళ్లీ దాని కింద, మీటల పలక మొత్తం దిగిపోతుంది. మన సంప్రదాయంలో కాకలి నిషాదం చేరగానే చెవి పైషడ్జం కోసం చూస్తుంది. ఇక్కడ నిషాదం వెనుదిరిగి పంచమంలోకి పడుతుంది. ఆశ చూపించి తప్పించడం మొదటి క్షణంలోనే మొదలైంది. ఈ నిషాదాన్ని గుర్తుపెట్టుకోండి, చివర దానితో పని ఉంది.

తరవాత పాట వస్తుంది. కీరవాణి స్వరాల ఛాయ. కీరవాణి రాగం అనడం లేదు, స్వరాలు సరిపోతే రాగమైపోదు. ముందు ఓబోలు, క్లారినెట్లు, బసూన్లు ఆ పాట చెబుతాయి, ఊపిరితో. ఊపిరి ఉన్నంతసేపూ స్వరం నిండుగా ఉంటుంది, కావాలంటే ఉబ్బుతుంది. వెంటనే అదే పాటను పియానో అందుకుంటుంది, సుత్తితో. ఇప్పుడు వినండి. ప్రతి స్వరమూ వెలిగి, వాలుతూ, తరవాతి స్వరానికి తన వెలుగు ఇచ్చి పోతుంది. ఎడమచేయి కింద అలలు అలలుగా వాయిస్తూ ఆ ఖాళీలు పూడుస్తుంది. ఊపిరి చెప్పినప్పుడు అది మాట. సుత్తి చెప్పినప్పుడు అది జ్ఞాపకం. ఒకే పాట.

రెండో పాట చెల్లోలది. నఠభైరవి గాంధారాన్ని షడ్జం చేసుకుంటే శంకరాభరణం వస్తుందని మన గ్రహభేదం లెక్క. గ్రీగ్ చేసిందీ అదే, ఎ మైనర్ గాంధారం మీద నిలబడి సి మేజర్ తెరిచాడు. ఒక దశలో ఈ పాటను ట్రంపెట్‌కు ఇచ్చి తరవాత చెల్లోలకు మార్చుకున్నాడు. మార్చుకుని బతికించాడు. ట్రంపెట్ ప్రకటిస్తుంది, చెల్లో ఒప్పుకుంటుంది. ఇక్కడ మెహతా లయను కాస్త వదులు చేస్తారు, ఎంతంటే చెల్లోలు వాక్యం చివర ఒక ఊపిరి ఎక్కువ తీసుకునేంత. పియానో ఆ పాటను అందుకునేసరికి ఆ వదులు దానికి వారసత్వంగా వస్తుంది. బుఖ్‌బిండర్ తొందరపడరు. ఐదేళ్ల వయసులో వియన్నా సంగీత విద్యాలయంలో చేరినవారు, బీతోవెన్ సొనాటాల పాత ముద్రణలు పోగేసి పోల్చి చదివే మనిషి. ఏ స్వరానికీ లేని బరువు ఎత్తరు.

ఆ నిగ్రహమే కాడెంజా దగ్గర నాకు కొంచెం అడ్డొచ్చింది. వాద్యబృందం అంతా ఆగి పియానోను ఒంటరిగా వదిలేసే చోటు అది. మన మనోధర్మం లాంటిదనుకోకండి, ప్రతి స్వరం గ్రీగ్ రాసిపెట్టినదే, కానీ అప్పటికప్పుడు పుట్టినట్టు వినిపించాలి. బుఖ్‌బిండర్ దాన్ని చక్కని వ్యాకరణంతో చెబుతారు. శిఖరం దగ్గర నాకు కాస్త ప్రమాదం కావాలనిపించింది, కాలు జారుతుందేమో అన్న భయం కావాలనిపించింది. అది రాలేదు.

దానికి పరిహారం రెండో భాగంలో దొరుకుతుంది.

అడాజియో, అంటే నెమ్మది నడక. శ్రుతి మారింది. ఎ నుంచి చూస్తే అంతర గాంధారం ఉండే చోటికి, డి ఫ్లాట్‌కు షడ్జం జరిగింది. ఫిడేళ్ల బ్రిడ్జి మీద చిన్న బిళ్లలు తొడిగారు, నాదం మీద పలచని తెర పడింది. దాదాపు రెండు నిమిషాలు తంత్రులే పాడతాయి. పియానో ఊరకే ఉంటుంది. కన్చెర్టో పేరు పెట్టుకుని, కథానాయకుణ్ని అంతసేపు పక్కన కూర్చోబెట్టడం పాతికేళ్ల కుర్రాడి ధైర్యం. కానీ కారణం ఉంది. నాదం ఎలా నిలుస్తుందో, ఒక స్వరం మరో స్వరంలోకి ఎలా కరుగుతుందో, ఎంత పొడుగు ఊపిరి సాధ్యమో, అదంతా ముందు చెవికి అలవాటు చేస్తున్నాడు. వియన్నా తంత్రులకు ఉన్న గుణం ఇక్కడ బయటపడుతుంది. విల్లు తిరిగిన చోటు వినపడదు.

అప్పుడు పియానో వస్తుంది. తంత్రులు పాడిన పాటతో రాదు, రాలేదు, దాని చేతకాని పాట అది. పైస్థాయి నుంచి చిన్న చిన్న స్వరాల పోగులుగా, కొసరి కొసరి, కిందికి దిగుతూ వస్తుంది. నిలవలేనివాడు నిలిచినట్టు నటించడు, చుట్టూ తిరుగుతాడు. ఒక స్వరాన్ని పట్టుకోలేక దానికి అటూ ఇటూ ఉన్న స్వరాలను తాకుతాడు. ఆ అలంకారాలన్నీ, ఆ జంటస్వరాలూ కంపితాలూ అన్నీ, గమకం లేని వాద్యం గమకం కోసం పడే తపన. కింద తంత్రులు పరచిన పొడుగు స్వరాలు అలాగే ఉంటాయి. పియానో స్వరం తరుగుతున్నకొద్దీ వాటిలోకి దిగిపోతుంది. ఎక్కడ పియానో ఆగిందో, ఎక్కడ ఫిడేళ్లు మిగిలాయో ఒక్కోచోట చెప్పలేం. చచ్చిపోతున్న నాదాన్ని బతికున్న నాదం చేతుల్లోకి తీసుకునే ఆ గీత దగ్గరే ఈ రచన రసం అంతా ఉంది. మెహతా అక్కడ చేసిన పని తంత్రులను ఒక నలుసంత కింద ఉంచడం. రవ్వంత ఎక్కువైతే పియానో మునుగుతుంది, రవ్వంత తక్కువైతే తోటలో గాలి దాన్ని ఎత్తుకుపోతుంది. ఇదే నేను ఆయన దగ్గర నేర్చుకున్న కండక్టర్ విద్య. చేతులు ఊపడం కాదు, ఎంత ఊరుకోవాలో డెబ్బై మందికి తెలిసేలా చేయడం.

కాసేపటికి పియానోకు పౌరుషం వచ్చి తంత్రుల పాటను తనే ఎత్తుకుంటుంది, రెండు చేతుల నిండా స్వరాలతో, గట్టిగా. నిలబెట్టలేని పాటను బలంతో నిలబెట్టాలని చూడటం అది. ఒక క్షణం నిలబడుతుంది కూడా. తరవాత హార్న్ ఒంటరిగా పలుకుతుంది. వియన్నా హార్న్ మిగతా ప్రపంచం వాడేదానికంటే పాత తరహా వాద్యం, ఊదడం కష్టం, స్వరం తప్పిపోయే ప్రమాదం ఎక్కువ. ఆ కష్టానికి ప్రతిఫలంగా దానికో లోతు ఉంది. పియానో ఒక మాట, హార్న్ ఒక మాట, అలా చెప్పుకుంటూ ఆ భాగం ముగుస్తుంది.

గ్రీగ్ జీవితం చదివినవాళ్లు ఈ అడాజియోలో ఒక శోకం వెతుకుతారు. 1868 ఏప్రిల్‌లో ఆయనకు కూతురు పుట్టింది, మరుసటి ఏడాది పోయింది. కానీ ఈ పాట రాసేటప్పుడు ఆ పాప బతికే ఉంది. జీవితాన్ని వెనక్కి తిప్పి రచన మీద పోయడం విమర్శకుల దురలవాటు. ఇక్కడ ఉన్నది శోకం కాదు, శాంతం. అందులో కొద్దిగా కరుణ కలిసిందంటారా, శాంతంలో ఎప్పుడు కలవలేదు?

మూడో భాగం ఊపిరి పీల్చుకోనివ్వకుండా మొదలవుతుంది. హాలింగ్ అనే నార్వే పల్లె నాట్యం లయ. కర్ర చివర టోపీ పెట్టి పట్టుకుంటే కుర్రాడు ఎగిరి కాలితో దాన్ని తన్నే ఆట అది. బుఖ్‌బిండర్ వేళ్లకు ఇక్కడ నిగ్రహం కలిసొచ్చింది, లయ ఇనుప చట్రంలా ఉంటుంది. మధ్యలో హఠాత్తుగా అంతా వెనక్కి తగ్గి, వణికే తంత్రుల మీద వేణువు ఒక పాట పాడుతుంది. పియానో దాన్ని విని తన భాషలో తిరగ రాస్తుంది. ఆ వేణువు పాటే చిట్టచివర వాద్యబృందం అంతా కలిసి, ఎ మేజర్‌లో, రాజఠీవితో ఎత్తుకుంటుంది.

నిషాదం దగ్గరికి వచ్చాం. పాట పూర్తి వెలుగులో, అంతర గాంధారంతో, నిండు ఘోషతో ఉంది. అక్కడ ఎవరి చెవైనా కాకలి నిషాదం కోసమే ఎదురుచూస్తుంది. గ్రీగ్ కైశికి నిషాదం వేశాడు. ఒక్క స్వరం, ఒక్క మెట్టు కింద. కాకలి నిషాదానికి షడ్జం మీదికి ఎగబాకాలన్న ఆరాటం ఉంటుంది, కైశికికి ఆ ఆరాటం లేదు, ఉన్నచోటే విశాలంగా ఉంటుంది. మొదటి దూకుడులో పైకి పోలేక వెనుదిరిగిన ఆ స్వరానికి, అరగంట తరవాత, పైకి పోవలసిన అవసరమే లేకుండా పోయింది. 1870లో రోమ్‌లో పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్ ఈ రచనను చేతిరాతలోంచి అప్పటికప్పుడు చదివి వాయిస్తూ, ఈ స్వరం దగ్గర లేచి నిలబడి, చేతులు చాచి గది అంతా తిరుగుతూ కేకలు వేశాడని గ్రీగ్ ఇంటికి రాసిన ఉత్తరంలో ఉంది. హరికాంభోజి ఎరిగిన మనకు ఆ స్వరం కొత్త కాదు. అది వచ్చిన చోటు కొత్త. షోన్‌బ్రున్‌లో ఇత్తడి వాద్యాలన్నీ కలిసి ఆ నిషాదం మీద నిలబడినప్పుడు నాకూ లేచి తిరగాలనిపించింది. ఫ్లాటు చిన్నది.

ఆ రాత్రి మిగతా రచనలు కూడా చాలావరకు ఉత్తర దేశాలవే. సిబేలియస్ ‘ఫిన్లాండియా’ ఆరుబయటకు సరిగ్గా సరిపోయింది, ఇత్తడి గర్జనకు గోడలు అక్కర్లేదు. మిగిలినవి ఆహ్లాదం కోసం, ఆహ్లాదంగానే ఉన్నాయి.

కొత్తగా వినబోయే వాళ్లకు ఒక మాట. మొదటి భాగంతో మొదలుపెట్టకండి, ఆ ఆరంభం సినిమాల్లోనూ ప్రకటనల్లోనూ అరిగిపోయింది. అడాజియో ముందు వినండి. రాత్రి పదిన్నర దాటాక, ఇయర్‌ఫోన్‌లు పెట్టుకుని, ఫ్యాను ఆపి. మే నెలలో సికింద్రాబాద్‌లో ఫ్యాను ఆపమనడం క్రూరమే గాని ఏడు నిమిషాల్లోపే అయిపోతుంది. పియానో ఎప్పుడు మొదలైందని కాకుండా, దాని ఒక్కో స్వరం ఎప్పుడు ఆగిందో పట్టుకోవడానికి ప్రయత్నించండి. నచ్చితే మొత్తం వినండి. గ్రీగ్ చనిపోయిన 1907 దాకా దీన్ని దిద్దుతూనే ఉన్నాడు. ఆయన పూర్తిచేసిన పియానో కన్చెర్టో ఇదొక్కటే.